రక్తం సంగతి బయటపడ్డాక

ఈమధ్య ఒక జూనియర్ లాయరమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఏదో ఆసుపత్రిలో రోగుల వివరాలు కంప్యూటర్లోంచి బయటికి పొక్కిపోయాయట. ఆ రోగుల్లో ఒకాయన ఈ అమ్మాయి దగ్గరికి వచ్చి కేసు వెయ్యమన్నాడట. "మేడం, ఏ సెక్షన్ కింద పోవాలి?" అని అడిగింది. కాఫీ ఇచ్చాను గానీ సెక్షన్ ఇవ్వలేదు. సెక్షన్లు పుస్తకంలో ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు. పుస్తకంలో లేనిది చెప్పాలంటే తీరిగ్గా కూర్చుని రాయాల్సిందే అనిపించింది.

నేను చిత్తూరు కోర్టుల్లో ముప్పై ఏళ్ళ పైచిలుకు నల్లకోటు వేసుకున్న మనిషిని. ఎక్కువగా భూమి తగాదాలు, భార్యాభర్తల కేసులు, లారీ ప్రమాదాలు. గెలిచినవీ ఉన్నాయి, ఓడినవీ ఉన్నాయి, వాటి గురించి నాకు పెద్ద బాధ లేదు. గట్టు తగాదాలో ఓడినవాడు పైకోర్టుకు పోతాడు, లేదంటే పక్క చేనువాణ్ణి తిట్టుకుంటూ బతికేస్తాడు. ఒంట్లో జబ్బు సంగతి ఊరికి తెలిసిపోయిన మనిషి కేసు అలాంటిది కాదు. పోయిన భూమిని కోర్టు తిరిగి ఇప్పించగలదు. తెలిసిపోయిన సంగతిని తెలియకుండా చెయ్యమని ఏ జడ్జీ ఆర్డరు వెయ్యలేడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసిన ఇద్దరు ఆడవాళ్ళ గురించి చెబుతాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగింది. పేర్లు మార్చాను. ఎందుకని ఎవరూ అడగరనుకుంటాను.

సీనియర్ గారి ముందుగది

మా సీనియర్ దామోదరం గారు సివిల్ కేసుల్లో పులి. గొంతు కూడా పులిదే. ఆఫీసంటే ఆయన ఇంటి ముందుగది. గోడవారన పొడుగు బెంచీ ఉండేది, దాని మీద పార్టీలు వరసగా కూర్చునేవాళ్ళు. మొదటివాడి గోడు చివరివాడిదాకా వినపడేది. భూమి తగాదాలకు అది బాగానే జరిగిపోయేది, ఒకరి కథ విని ఇంకొకరు సలహాలు కూడా ఇచ్చేవాళ్ళు.

చెంగమ్మా, రూతమ్మా వచ్చిన రోజు కూడా బెంచీ నిండుగానే ఉంది. ఇద్దరూ ముప్పై దాటినవాళ్ళు. మామిడి సొన తగిలి తగిలి వేళ్ళు నల్లబడిపోయి ఉన్నాయి.

"ఏమ్మా, ఏం కేసు?" అన్నారు సీనియర్ గారు, తలెత్తకుండానే.

"మమ్మల్ని పనిలోంచి తీసేసినారు సామీ," అంది చెంగమ్మ.

"ఎందుకు తీసేసినారు? దొంగతనం కట్టినారా?"

చెంగమ్మ రూతమ్మ వైపు చూసింది. రూతమ్మ నేల చూసింది.

"నోరు తెరిచి చెప్తే గదమ్మా తెలిసేది!"

"రక్తం తీసినారు సామీ. రక్తంలో ఆ జబ్బు ఉండాదని…"

బెంచీ చివరన కూర్చున్నాయన లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆయన పక్కనున్న మనిషికి ఉన్నట్టుండి ఎండలో నిలబడ్డం మేలనిపించింది. నేను లేచి ఇద్దర్నీ వంటగదిలోకి తీసుకుపోయాను. సీనియర్ గారి భార్య స్టవ్ ఆర్పేసి పెరట్లోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో నేను అడగలేదు.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు ముందు చెప్పేది ఇదే. డాక్టరు నోరు జారాడని కేసు వేసే లాయరు ఆఫీసు జల్లెడలా ఉండకూడదు. అప్పట్లో మా దావాలన్నీ కోర్టు గేటు ముందర టైపింగు షాపుల్లో తయారయ్యేవి. ఆ టైపిస్టుల్లో సగంమందికి చదువుకుంటూ కొట్టే అలవాటు. టీ తాగడానికి వచ్చినవాడు కూడా పక్కవాడి విడాకుల కథ విని పోయేవాడు. ఈ ఇద్దరి కాగితాలు మాత్రం నేనే ఇంట్లో పాత మిషను మీద ఒక్కో అక్షరం పొడుచుకుంటూ కొట్టాను. తప్పులు పడ్డాయి, పడనీ.

పొడి చల్లారు

జరిగింది ఇది. ఆ ఏడు సీజను మొదలయ్యే ముందు, పైదేశం నుంచి గుజ్జు కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారని ఫ్యాక్టరీలో హడావుడి. కాయలు కోసే ఆడవాళ్ళందరికీ ఆరోగ్యం బాగుందని సర్టిఫికెట్ కావాలన్నారు. చిత్తూరు నుంచి ఒక ప్రైవేటు ల్యాబు వాళ్ళు వచ్చి, షెడ్డులోనే వరసగా నిలబెట్టి రక్తం తీసుకుపోయారు. ఏం పరీక్షలు చేస్తారో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా వాళ్ళకు తోచినట్టు లేదు. ఫ్యాక్టరీ అడిగిందో, ల్యాబే ఉత్సాహపడిందో గానీ, ఎయిడ్స్ పరీక్ష కూడా కలిపేశారు. ఎవరి రక్తం ఫలితం వాళ్ళ చేతికే ఇవ్వాలి. అన్నీ కలిపి మేనేజరు చేతిలో పెట్టారు.

మేనేజరు మేస్త్రి గురవయ్యను పిలిచి చెవిలో చెప్పాడు. గురవయ్య కూలీలను పల్లెల నుంచి తోలుకొచ్చే మనిషి. చెడ్డవాడు కాదు. ఆ పొద్దున గేటు దగ్గర, "మీరిద్దురూ పక్కకు రాండి, మేనేజరు రేపట్నుంచి రావద్దన్నాడు," అని మాత్రమే అన్నాడు. జబ్బు పేరు ఎత్తలేదు. ఆ తరవాత షెడ్డులోకి పోయి, వాళ్ళిద్దరూ రోజూ కూర్చునే రెండు చోట్ల బ్లీచింగ్ పొడి చల్లించాడు. వాళ్ళ కత్తులు రెండూ గోనెపట్టాలో చుట్టి దొడ్డి వెనక పూడ్చిపెట్టించాడు. తాగునీళ్ళ డ్రమ్ము పారబోయించాడు.

అప్పుడు షెడ్డులో ఎంతమంది ఆడవాళ్ళున్నారో అంతమందికీ అర్థమైంది. సాయంత్రానికి వాళ్ళ ఊళ్ళకూ అర్థమైంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే.

వంటగదిలో రూతమ్మ ఎక్కువ మాట్లాడలేదు. పొడి మాట వచ్చినప్పుడు మాత్రం తలెత్తింది. "నేను కూసుండే చోట చల్లినాడు లాయరమ్మా. చచ్చిన ఎలుక పడి ఉంటే చల్లుతారే, అట్ల. నేను గేటు కాడ నిలబడి సూస్తానే ఉండాను," అంది.

ఆమె మొగుడు పోయి అప్పటికి కొన్నేళ్ళయింది. ఏదో జ్వరమన్నారట. ఆరో తరగతి చదివే కూతురు ఉంది. ఆ పిల్లను బడిలో పక్కన ఎవరూ కూర్చోనివ్వడం లేదని చెప్పేటప్పుడు ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చెంగమ్మే ఏడ్చింది.

రెండో పరీక్ష

ఇద్దర్నీ తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయి మళ్ళీ పరీక్ష చేయించాము. ఇక్కడే కథ రెండుగా చీలింది. చెంగమ్మకు జబ్బు లేదు. ల్యాబువాడు తప్పు చూశాడు. రూతమ్మకు ఉంది.

సీనియర్ గారికి ఒక్కసారిగా హుషారు వచ్చింది. "ఇంకేముంది, చెంగమ్మ కేసు పాలకోవా! తప్పుడు రిపోర్టు, నిర్లక్ష్యం, ఉద్యోగం పోయింది, పరువు పోయింది. ముందు గెలిచేది వెయ్యి," అన్నారు.

"మరి రూతమ్మ సంగతి సార్? ఇద్దరిదీ ఒకే సంగతి గదా. ఒకే రోజు, ఒకే నోటి నుంచి బయటపడింది."

"ఆమెది నిజం గదమ్మా. నిజం చెప్పినోడి మీద ఏం కేసు వేస్తావు? ఇంకో మాట. కోర్టు అంటే నలుగురి ముందర జరిగే పంచాయితీ. నలుగురికీ తెలియకూడదనుకునేవాళ్ళు అక్కడికి రాకూడదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది."

ఆయనంటే నాకు గౌరవం. ఆ రోజు మాత్రం ఫైలు టేబుల్ మీద పడేసి బయటికి వచ్చేశాను.

చెంగమ్మది వినియోగదారుల ఫోరంలో వేశాము. ల్యాబుకు డబ్బిచ్చింది ఫ్యాక్టరీ, కాబట్టి చెంగమ్మ వాళ్ళ వినియోగదారే కాదని అవతలి లాయరు కాసేపు గంతులేశాడు. సూది గుచ్చింది ఎవరి చేతికయ్యా అని అడిగితే కాగితాలు సర్దుకున్నాడు. నాలుగు వాయిదాలు తిరక్కుండానే రాజీకి వచ్చారు. పరిహారం ఇచ్చారు, రిపోర్టు తప్పని ఫ్యాక్టరీకి రాసిచ్చారు. గురవయ్య స్వయంగా వాళ్ళింటికి పోయి, "తప్పయిపోయింది చెంగమ్మా, పనికి రా," అని పిలుచుకొచ్చాడట. షెడ్డులో కొబ్బరికాయ కొట్టించి ఆమె చేతికి కొత్త కత్తి ఇచ్చాడట.

అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. ఆ సంతోషం దిగిపోయాక గానీ ఏం జరిగిందో నాకు తలకెక్కలేదు. అంతదాకా ఊళ్ళో, "ఏమో, ల్యాబోళ్ళు చెప్పేది నిజమో అబద్ధమో," అనేవాళ్ళు కొందరైనా ఉండేవాళ్ళు. చెంగమ్మ తిరిగి పనిలో చేరాక ఆ కొందరు కూడా లేకుండా పోయారు. ఇద్దరిలో ఒకరిని పిలిచి ఒకరిని పిలవలేదంటే ఇంక అనుమానం ఏముంది? చెంగమ్మకు దొరికిన న్యాయమే రూతమ్మ మీద ముద్ర వేసింది.

రూతమ్మ కేసుకు సాక్ష్యం చెప్పమని చెంగమ్మను అడగడానికి నేనే పోయాను. ఇంట్లోకి రమ్మనలేదు, వీధి మొదట్లోనే నిలబెట్టి మాట్లాడింది.

"మళ్ళా నా పేరు ఆ కేసులోకి ఎత్తొద్దు లాయరమ్మా. నాకు లేదని అందురూ ఇప్పుడిప్పుడే నమ్మతా ఉండారు."

"ఆ పొద్దు నీతో గేటు బయట నిలబడింది ఆమె ఒక్కతే గదా చెంగమ్మా."

"నిలబడింది. లేదన్నానా? ఇప్పుడు దాని పక్కన నిలబడితే నాకూ ఉందంటారు. నన్ను ఇట్ల బతకనియ్యి."

నాకు ఒళ్ళు మండింది. బస్సులో వస్తూ ఆలోచిస్తే, ఆమె మీద మండటం ఏం న్యాయమనిపించింది. నీళ్ళలోంచి బయటపడ్డవాడు ఇంకొకణ్ణి లాగాలంటే ముందు వాడి కాలు గట్టు మీద నిలవాలి కదా.

ఎన్ని తలుపులు

రూతమ్మ కోసం నేను తట్టని తలుపు లేదు. జూనియర్లకు ఈ భాగం పనికొస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను.

డాక్టర్ల కౌన్సిలుకు ఫిర్యాదు చేశాను. రోగి రహస్యం కాపాడటం డాక్టరు ధర్మమని వాళ్ళ నియమాల్లోనే ఉంది. ల్యాబు నడిపేవాడు డాక్టరు కాదు, టెక్నీషియను, మా పరిధిలోకి రాడని జవాబు వచ్చింది. సంతకం పెట్టిన డాక్టరో? ఆయన నెలకొకసారి వచ్చి సంతకాలు పెట్టిపోయే మనిషి, ఏం సంతకం పెట్టాడో ఆయనకే తెలియదు.

కార్మిక శాఖకు పోతే, ఆమె మా మనిషే కాదు, మేస్త్రి మనిషి అంది ఫ్యాక్టరీ. పరువునష్టం కేసా? ఆమె గురించి ఎవరు ఏమన్నారు? ఎవరూ నోరు విప్పి ఏమీ అనలేదు, పొడి చల్లారు. తిండి సరుకు తయారుచేసే చోట శుభ్రం చేసుకోవడం కూడా తప్పేనా అని అడిగాడు ఫ్యాక్టరీ లాయరు, ఏమీ ఎరగని పసివాడి మాదిరి. హైకోర్టులో రిట్ వేద్దామంటే ప్రైవేటు ఫ్యాక్టరీ మీద నిలవదన్నారు. వినియోగదారుల ఫోరంలో సేవాలోపం కింద వెయ్యొచ్చు. రిపోర్టు సరైనదే కదా, లోపం ఎక్కడ అంటారు. ల్యాబు పని రక్తం చూడటం ఒక్కటే కాదు, నోరు మూసుకోవడం కూడా అని నా వాదన. ఆ వాదన విన్నవాళ్ళలో సగంమంది నవ్వారు.

పైగా ఆ రోజుల్లోనే ఢిల్లీ పెద్ద కోర్టు ఒక తీర్పు చెప్పి ఉంది. పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి ప్రాణం కాపాడటానికైతే ఆసుపత్రి నోరు విప్పినా తప్పు లేదని. కాబోయే పెళ్ళాం ఎక్కడ, మామిడికాయ కోసే కత్తి ఎక్కడ? అయినా అవతలి లాయర్లు ఆ తీర్పును ప్రతి వాయిదాకూ చంకలో పెట్టుకుని వచ్చేవాళ్ళు.

ఇప్పటివాళ్ళు ఇంత అగచాట్లు పడక్కర్లేదు. ఆ జబ్బు గురించి ప్రత్యేక చట్టం వచ్చింది, పేరు దాచి కేసు నడపమని అడిగే హక్కు అందులోనే రాశారు. మనిషి వివరాలు మనిషి సొత్తు అని పెద్ద కోర్టే ఒప్పుకుంది. కంప్యూటర్లలో దాచిన వివరాలకూ చట్టం చేశారు. మంచిదే. చట్టంలో రాసింది కోర్టు వరండాదాకా నడిచి వచ్చిందో లేదో మీరు వెళ్ళి చూసుకోండి.

అన్నీ మూసుకుపోయాక మిగిలింది సివిల్ దావా. చెప్పకూడని సంగతి చెప్పి బతుకు చెడగొట్టినందుకు ల్యాబూ ఫ్యాక్టరీ నష్టపరిహారం ఇవ్వాలని. పేదవాళ్ళు కోర్టు ఫీజు లేకుండా దావా వెయ్యొచ్చు. కాకపోతే పేదవాళ్ళు అవునో కాదో ఊళ్ళోకి మనిషిని పంపి విచారిస్తారు, ఏం కేసమ్మా అని ఊళ్ళో ప్రతివాడూ అడుగుతాడు. ఆ దారి వద్దని ఫీజు కట్టే వేశాము. సీనియర్ గారు గొణుక్కుంటూనే సంతకం పెట్టారు.

దావా వేసే ముందు రూతమ్మ నన్ను అడిగింది. "నాకు జబ్బు ఉండేది నిజమే గదా లాయరమ్మా. నిజం చెప్పినందుకు వాళ్ళది తప్పంటారా?"

"నిజమే రూతమ్మా. అది నీ నిజం. నువ్వు చెప్పుకుంటే చెప్పుకుంటావు, లేకపోతే లేదు. వాళ్ళెవరు చెప్పడానికి?"

"దుడ్లు నాకొద్దు. ఆ పొడి చల్లినారే, అది తప్పని ఎవురన్నా ఒగరు చెప్పల్ల. పెద్ద కుర్చీలో కూసున్నోళ్ళు చెప్పల్ల," అంది.

శాంత

అప్పటికే ఆమె బంగారుపాళ్యం వదిలిపెట్టేసింది. కూతుర్ని తీసుకుని రేణిగుంట చేరింది. అక్కడ గోడౌన్లలో మూటలు మోసేవాళ్ళకు అన్నం పెట్టే మెస్సు ఒకటి ఉంది. దాన్ని నడిపే కస్తూరమ్మ ఈమెను వంటకు పెట్టుకుంది. మెస్సు వెనకాలే ఒక గది కూడా ఇచ్చింది. అక్కడ ఈమె పేరు శాంత. పిల్ల బడికి పోతోంది, పక్కన పిల్లలు కూర్చుంటున్నారు. తిరుపతి పెద్దాసుపత్రికి చాటుగా పోయి మందులు తెచ్చుకుంటోంది.

"కస్తూరక్క మంచిది లాయరమ్మా. నేను వండింది నా ముందరే కూసోని తింటాది," అని ఒకసారి చెప్పింది. ఆమె నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇలాంటి కేసు మీ దగ్గరికి వస్తే, ఎవరికి తెలిసిపోయిందని కాదు, ఇంకా ఎవరికి తెలియదని అడగండి. తెలిసినవాళ్ళ గురించి మీరు వేసే కేసంతా అయిపోయిన పెళ్ళికి మేళం. తెలియనివాళ్ళే ఆ మనిషికి మిగిలిన ఆస్తి. రూతమ్మకు ఆ ఆస్తి రేణిగుంటలో ఉంది. వంట మనిషికి ఈ జబ్బుందని తెలిస్తే ఆ మెస్సులో మెతుకు ముట్టేవాళ్ళు ఉండరు. ఆమె మళ్ళీ గేటు బయట నిలబడాలి. ఈసారి పోవడానికి ఇంకో ఊరు కూడా లేదు.

ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా కేసు వదలనంది.

జడ్జి గారి మంచితనం

జడ్జి గారు నెల్లూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన. మనసున్నవాడు. కాగితాల మీద ఆమె పేరు బదులు అక్షరం పెట్టనివ్వమని పిటిషను వేశాను. "దావా వేసిన మనిషికి పేరు లేకపోతే ఎట్లాగమ్మా? రేపు డిక్రీ ఎవరి పేరు మీద ఇచ్చేది?" అని కొట్టేశారు. అప్పటికి ఆయన చేతిలో ఉన్న చట్టం అంతే. తలుపులు మూసి విచారణ జరపమని ఇంకో పిటిషను వేశాను. దాన్ని చదివి కళ్ళద్దాలు తీశారు. "ఇది చెయ్యొచ్చు. ఈమె సాక్ష్యం రోజున కోర్టు హాలులో లాయర్లు తప్ప పురుగు కూడా ఉండకూడదు," అని ఆర్డరు రాశారు.

చిత్తూరు కోర్టులో అలాంటి ఆర్డరు చాలా అరుదు. సీనియర్ గారే నా భుజం తట్టారు. నేను రెండురోజులు నేల మీద నడవలేదు. అది మా కళ్ళ ముందరున్న గొయ్యి అని జడ్జి గారికీ తోచలేదు, సీనియర్ గారికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఎప్పుడూ బార్లా తెరిచి ఉండే కోర్టు హాలు తలుపులు ఒకరోజు మూస్తారంటే, ఎందుకు మూస్తున్నారని వరండా అంతా అడుగుతుంది. బంట్రోతు చెబుతాడు, గుమాస్తా చెబుతాడు, జబ్బు కేసంట, మామిడి ఫ్యాక్టరీ ఆడమనిషంట అని. ఆ తరవాత బంట్రోతు గడప మీద నిలబడి ఆ మనిషిని పేరు పెట్టి పిలవాలి. మూడుసార్లు, వరండా చివరిదాకా వినపడేలా. మన కోర్టుల్లో అది లేకుండా ఏ కేసూ కదలదు. మూసిన తలుపుల వెనక ఏం మాట్లాడుకున్నా ఎవరికీ వినపడదు, నిజమే. ఆ తలుపు దాటి లోపలికి ఎవరు పోయారో మాత్రం ఊరంతా చూస్తుంది.

వరండా

సాక్ష్యం రోజు నేను తొందరగానే కోర్టుకు పోయాను. జిల్లా కోర్టు వరండా అంటే జిల్లా అంతా వచ్చి కూర్చునే చోటు. జనంలో రూతమ్మ కనపడింది. దగ్గరికి పోబోయి ఆగిపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని ఒక బొద్దుపాటి ఆడమనిషి నిలబడి ఉంది. రూతమ్మ నన్ను చూసింది. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

ఆ పెద్దామె నా కోటు చూసి తానే పలకరించింది. "లాయరమ్మా, అప్పీళ్ళ కోర్టు యాడమ్మా? మాది రేణిగుంట. మా యన్నదమ్ములతో భూమి లిటిగేషను ఉండాది, ఈ పొద్దు వాయిదా."

చెప్పాను.

"ఇది మా శాంత. చిత్తూర్లో వాళ్ళ చిన్నమ్మకు బాగలేదంటే సూడను బయల్దేరింది. నాకూ ఈ పొద్దే వాయిదా గదా, ఒగదాన్నే రావాలంటే బెదురు, నువ్వు నాతో రామ్మే, కోర్టు పని అయినాక ఇద్దురమూ మీ చిన్నమ్మ తావకు పోదామని నేనే లాక్కొచ్చినాను."

రూతమ్మ తల వంచుకుని కస్తూరమ్మ సంచి చేతిలోకి తీసుకుంది.

నేను లోపలికి పరిగెత్తాను. ఈ కేసు మధ్యాహ్నం పిలవమని బెంచి క్లర్కును బతిమాలాను. "జడ్జి గారు దీన్నే మొదట పెట్టినారు మేడం. ఆ ఆడమనిషి జాస్తిసేపు బయట నిలబడకూడదని ఆయనే చెప్పినారు," అన్నాడు. అంతలోనే జడ్జి గారు వచ్చి కూర్చున్నారు. హాల్లో ఉన్న జనాన్ని బయటికి పంపారు. పక్క తలుపులు మూశారు. బంట్రోతు గడప మీదికి పోయి నిలబడ్డాడు.

"రూతమ్మా…! బంగారుపాళ్యం రూతమ్మా…!"

వరండాలో మాటలు ఆగిపోయాయి. నేను బంట్రోతు వెనకాలే తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు లేచారు. ఎవరో, "ఆ జబ్బు కేసు మనిషి," అన్నారు. అందరి తలలూ అటూ ఇటూ తిరుగుతున్నాయి, లోపలికి పోయేది ఎవరా అని.

"బంగారుపాళ్యం రూతమ్మా…!"

కస్తూరమ్మ, "ఏం జబ్బో, పాపం. ఏమ్మే శాంతా, నీది ఆ పక్కే గదా. నువ్వేమన్నా ఎరుగుదువా ఆయమ్మను?" అంది.

రూతమ్మ కూడా తల తిప్పి వరండా ఆ చివర నుంచి ఈ చివరదాకా వెతికింది. అందరి మాదిరే. "లేదక్కా, ఎవురో," అంది.

మూడోసారి పిలిచి బంట్రోతు లోపలికి వచ్చేశాడు. నేను జడ్జి గారి ముందు నిలబడ్డాను. వాయిదా అడిగాను. ఆయన మొహంలో కోపం కంటే నొచ్చుకోవడమే ఎక్కువ కనపడింది. "ఆమె కోసం తలుపులు మూయించాను కదమ్మా. అయినా రాలేదంటే నేనేం చేసేది?" అన్నారు. ఏం చెప్పను? రాలేదని చెబితే అబద్ధం, వచ్చిందని చెబితే ద్రోహం. గైర్హాజరు కింద దావా కొట్టేశారు. ఇలా పోయిన దావాను మళ్ళీ తెరిపించుకునే దారి ఉంది. తెరిపిస్తే మళ్ళీ పిలుస్తారు.

తలుపులు తెరిచారు. నేను బయటికి వచ్చేసరికి జనం నా వైపే చూస్తున్నారు. అందరికంటే ముందు కస్తూరమ్మే అడిగింది.

"లాయరమ్మా, ఆయమ్మ రాలేదా?"

ఆమె పక్కనే రూతమ్మ, సంచి గుండెలకు అదుముకుని, నా నోటి వైపు చూస్తోంది.

"రాలేదమ్మా," అన్నాను.

"పదక్కా, నీ కోర్టుకు పొద్దవుతాది," అంది రూతమ్మ. కస్తూరమ్మ చెయ్యి పట్టుకుని జనంలోంచి నడిపించుకుంటూ నా ముందరే పోయింది. ఆ కేసులో నేను కాగితం మీద రాసినవీ, నిలబడి వాదించినవీ ఎన్ని మాటలో. వాటన్నిట్లో ఆమెకు పనికొచ్చింది ఆ ఒక్క మాటే, అదీ అబద్ధం.